తిన్నాక కదిలేది

లాండ్రీలో ఆమెను అందరూ నిదానం అని పిలిచేవాళ్లు. ఎవరూ కావాలని పెట్టిన పేరు కాదు, పడిపోయిన పేరు. ఆ లాండ్రీ ఒక పెద్ద హోటల్ కింద, నేలమాళిగలో ఉంటుంది. పై అంతస్తుల్లో పడుకుని లేచినవాళ్ల దుప్పట్లు, దిండు గలీబులు, తువాళ్లు వెడల్పాటి గొట్టంలోంచి జారి కిందికొచ్చి పడతాయి. ఉతికి పిండిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని విదిలించి వేడి రోలర్ల మధ్యకు అందిస్తారు. అవతల ఇంకో ఇద్దరు అందుకుని మడతపెడతారు. ఒకసారి దుప్పటి రోలర్లలో చిక్కుకుని పొగలు లేచాయి. అందరూ కేకలు పెడుతూ మెట్లవైపు పరుగెత్తారు. ఆమె మాత్రం నడుచుకుంటూ వెళ్లి ఎర్ర మీట నొక్కి, తిరిగొచ్చి, "కాలింది పక్కన పడేసి ఇంకోటి అందివ్వండి" అంది. అప్పట్నుంచీ నిదానం.

అప్పట్లో అది నిజమైన నిదానమే. తర్వాత వచ్చింది వేరే. బయటికి రెండూ ఒకేలా కనిపించేవి.

వాళ్లమ్మ పోయాక వచ్చింది అది. ఆ తల్లి మంచాన పడి తీసుకున్నదీ లేదు. మామూలు జ్వరమే అనుకున్నారు, ఊపిరితిత్తులకు పాకింది, అంతే. ఈమె ఒక్కతే కూతురు. చేయవలసినవన్నీ తానే చేసింది. తల్లి ఉన్న అద్దె గది ఖాళీ చేసి, బీరువాలోని బట్టలు తీసి, హోటల్ దుప్పట్లు మడిచినట్టే మూలకు మూల కలిపి మడిచి, కావలసినవాళ్లకు ఇచ్చేసి, తాళంచెవి ఇంటివాళ్ల చేతిలో పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చింది. ఏడవలేదు. ఏడుపును బిగబట్టుకునేవాళ్ల ముఖం వేరేగా ఉంటుంది. ఆమెకు బిగబట్టుకోవడానికి లోపల ఏమీ దొరకలేదు. మర్నాడు పనికి వెళ్లింది. దుప్పట్లు వస్తున్నాయి, మడతపెడుతోంది.

తిండి మాత్రం నోటికి సహించడం మానేసింది. ఏది నమిలినా దూది నమిలినట్టే. ఆకలి వేసేది కాదు. పూటకోసారి ఎవరైనా గుర్తుచేస్తే నాలుగు ముద్దలు మింగేది.

ఆ గుర్తుచేసేది అత్తగారు. ఆవిడ ఒక బడి వంటింట్లో ఏళ్ల తరబడి గరిట తిప్పి రిటైరయిన మనిషి. ఎవరు బాగున్నారు, ఎవరు బాగాలేరు అన్నది ఆవిడ కంచం చూసే చెప్పేది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటింటి గుమ్మంలోనే ఆవిడ కుర్చీ. కోడలు చెయ్యి కడుక్కోవడానికి లేస్తే, "అప్పుడేనా! పిచ్చుక కూడా ఇంతకంటే ఎక్కువ తింటుందే" అనేది. కోడలు మళ్లీ కూర్చుని ఇంకో ముద్ద పెట్టుకునేది. వాదించడానికైనా ఓపిక ఉండాలి కదా.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. హుషారైన మనిషి. అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి జనం ఇరుక్కుంటే, తలుపు ఇవతల నిలబడి వాళ్లకు కబుర్లు చెబుతూ పని చేసుకుపోతాడు, లోపలివాళ్లు బెదరకుండా. ఇంట్లో కూడా అలాగే చేసేవాడు. ఆ రోజు ఎవరెవరు ఇరుక్కున్నారో, ఎవరెలా దండాలు పెట్టారో అభినయించి చూపేవాడు. అత్తగారు పగలబడి నవ్వేది. భార్య వినేది, సరిగ్గా నవ్వాల్సిన చోట పెదవులు కదిపేది. అతనికి తెలుసు. అయినా మానలేదు.

ఆ స్థితిలో ఆమె నీళ్లోసుకుంది. ముందు పసిగట్టింది అత్తగారే.

"అమ్మాయ్, నువ్వు వట్టి మనిషివి కావేమో. ఒకసారి చూపించుకో."

చూపించుకుంది. నిజమే. భర్త బయటి మెట్ల మీద ఎదురైనవాళ్లందరికీ చెప్పుకుంటూ పోయాడు, కింది అంతస్తు కుక్కకి కూడా చెప్పాడని తర్వాత అత్తగారు ఎగతాళి చేసింది. ఆమె మాత్రం "సరే" అంది. అందరూ తన ముఖంలోకి చూస్తున్నారని గమనించి, ఒక చిన్న నవ్వు తెచ్చిపెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే ఆ నవ్వు బాగానే ఉంది.

వేవిళ్లు మొదలయ్యాయి. అసలే తినని మనిషి, తిన్నది కూడా నిలవలేదు. పెరగాల్సిన బరువు తగ్గింది. ఆస్పత్రిలో నెలనెలా చూసే నర్సు ఒకావిడ ఉండేది, లావు కళ్లద్దాలు, పొట్టి మనిషి. తలెత్తి రోగి ముఖం చూసేటప్పుడు కళ్లద్దాల కిందినుంచి చూసేది.

"ఏం తింటున్నావమ్మా?"

"పెట్టింది తింటున్నాను."

"ఎంత?"

ఆమె చెప్పేలోగానే అత్తగారు అందుకుంది. "ఎంతేమిటండీ, వాసన చూసి లేచిపోతోంది! లోపలి బిడ్డ ఏం తినాలి? ఇద్దరి తిండి తినాల్సిన మనిషి!"

"ఇద్దరి తిండి అక్కర్లేదు పెద్దమ్మా. ఒకరి తిండి సరిగ్గా తింటే ఇద్దరికీ సరిపోతుంది." నర్సు మళ్లీ ఈమె వైపు తిరిగింది. "ఒకేసారి కంచం నిండా పెట్టుకుంటే నీకు చూడగానే వెగటు పుడుతుంది. గుప్పెడు గుప్పెడు, మాటిమాటికీ తిను. ఆకలి వేసేదాకా ఆగకు."

"ఆకలి వేయదండి."

"ఎన్నాళ్లనుంచి?"

ఆమె ఆలోచించింది. "అమ్మ పోయినప్పట్నుంచి."

నర్సు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. చెయ్యి మీద చెయ్యి వేసి, "అయితే ఆకలితో పని లేకుండా తిను. మందు వేసుకున్నట్టు" అంది.

అలాగే తినసాగింది. వేవిళ్లు తగ్గాయి. పొట్ట కనిపించసాగింది. కదలిక తెలియాల్సిన రోజులు వచ్చాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పారు, చేపపిల్ల తోక ఆడించినట్టు, నీళ్లలో బుడగ పేలినట్టు అని. తనకు ఏ బుడగా పేలలేదు. పని చేస్తున్నంతసేపూ అటూ ఇటూ నడవడం, వంగడం, లేవడం, చెవులు దిమ్మెక్కే రోలర్ల మోత. ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్లు తెలియని నిద్ర. కదిలినా తెలిసేదో లేదో. తెలియలేదని దిగులూ పడలేదు. అందరూ అడుగుతున్నారు కాబట్టి "ఇంకా లేదు" అని చెప్పేది, బస్సు ఇంకా రాలేదన్నట్టు.

లాండ్రీలో మడతపెట్టే వైపు ఆమెకు జోడీ పెద్దక్క. వయసులో పెద్దది, ఒళ్లు పెద్దది, నోరు అంతకంటే పెద్దది. ముగ్గురు పిల్లల తల్లి. ఒక మధ్యాహ్నం తిండి వేళ నిదానం డబ్బా తెరవకుండానే సంచిలో పెట్టేయడం చూసి ఊరుకోలేదు.

"ఇటు రా. కూర్చో."

"తింటాలే అక్కా, తర్వాత."

"తర్వాత అనేది ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. కూర్చోమన్నానా!"

ఉతకడానికి దించిన తువాళ్ల గుట్టను చదును చేసి కూర్చోబెట్టింది. ఉడికించిన గుడ్డు ఒలిచి, రొట్టెముక్కలో పెట్టి చేతికిచ్చింది. అది అయ్యాక బాగా పండిన అరటిపండు. అది అయ్యాక తన పాలగ్లాసులో సగం. పసిపిల్లకు తినిపించినట్టు ప్రతి ముద్దకూ కళ్లతో కాపలా కాసింది. తిన్నాక నిదానం గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. మిషన్లు ఆగి ఉన్నాయి. గొట్టంలోంచి ఏమీ జారడం లేదు. చాలా రోజులకు ఆ గది చప్పుడు లేకుండా ఉంది.

బొడ్డుకు కింద, ఎడంపక్క, లోపల్నుంచి ఎవరో వేలితో తట్టారు.

ఆమె కదలకుండా కూర్చుంది. మళ్లీ తట్టారు.

"అక్కా, ఏదో కదిలింది."

"ఎక్కడ? ఏదీ, చెయ్యి తియ్యి!" పెద్దక్క తన అరచెయ్యి వేసి చూసింది. బయటికి తెలిసేంత కదలిక కాదది. అయినా ఆవిడ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, చేతికందిన తువాలుతో తుడుచుకుని, "ఛీ, ఇది ఉతకనిదే!" అని విసిరికొట్టింది.

అందరూ చెప్పిన ఆనందం కోసం నిదానం లోపలంతా వెతుక్కుంది. కనబడలేదు. అయితే మళ్లీ తడుతుందేమోనని చూస్తూ కూర్చుంది. పనిగంట మోగినా లేవలేదు. సూపర్‌వైజరు వచ్చి, "ఏంటి నిదానం, ఇవాళ మరీ నిదానమా?" అనేదాకా అలాగే కూర్చుంది. ఏదైనా కావాలనిపించడం, అది ఎంత చిన్నదైనా, అమ్మ పోయాక ఆమెకు అదే మొదలు.

ఆనాటినుంచి ఒక సంగతి గమనించింది. తిన్న కాసేపటికి, కూర్చున్నా పడుకున్నా, బిడ్డ కదిలేది. తినకుండా పనిలో పడిపోయిన పూట ఏమీ తెలిసేది కాదు. ఈ మాట నర్సుకు చెప్పింది.

"నిజమేనమ్మా. నువ్వు తిన్నాక నీ రక్తంలో చక్కెర పెరుగుతుంది. అది మాయలోంచి, బొడ్డుతాడు గుండా బిడ్డకు అందుతుంది. ఒంట్లోకి సత్తువ రాగానే కాళ్లూ చేతులూ ఆడిస్తుంది. అందరు పిల్లలూ ఒకేలా ఉండరు, కొందరి విషయంలో ఈ తేడా అంతగా తెలియదు. ఇంకోటేమిటంటే, నువ్వు తిరుగుతుంటే బిడ్డకు ఉయ్యాల ఊపినట్టు ఉంటుంది, నిద్రపోతుంది. నువ్వు ఆగితే అది లేస్తుంది. పైగా తినడానికి కూర్చున్నప్పుడే కదా నీకూ దాని మీద ధ్యాస!"

"రుచి తెలుస్తుందా దానికి?"

అడిగిన తర్వాత, తాను అడిగినందుకు తానే కాస్త ఆశ్చర్యపోయింది.

"తెలుస్తుందనే అంటారు. నువ్వు తిన్నదాని వాసన, రుచి కొంచెం ఉమ్మనీటిలోకి చేరుతుంది. అది గుటకలు వేస్తుంటుంది."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పడమే తడవు, అక్కడ పందేలు మొదలయ్యాయి. అత్తగారు పాలే కారణం అంది. కొడుకు తాను తెచ్చే నారింజపళ్లే కారణం అన్నాడు. భార్య నారింజ తొనలు తినగానే పొట్ట దగ్గర చెవి పెట్టి కూర్చునేవాడు.

"చూశావా అమ్మా! తన్నింది! చెంప మీద తన్నింది!"

"నీ నారింజకు కాదురా, నీ వాగుడు భరించలేక తన్నింది."

ఆమె మధ్యలో కూర్చుని ఒకరిచ్చింది అయ్యాక ఇంకొకరిచ్చింది తినేది. పాలు తాగినా కదిలేది, నారింజ తిన్నా కదిలేది. ఎవరు గెలిచారో చెప్పమంటే "ఇద్దరూ" అనేది. రుచి ఆమెకు ఇప్పటికీ తెలిసేది కాదు. పులుపు అంటే పులుపని నాలుకకు తెలుసు, అంతవరకే. తాను మింగింది లోపల ఇంకెవరికో రుచిగా ఉందేమోనని అనుకుంటే మాత్రం ఇంకో తొన మింగడానికి వీలయ్యేది. అది ప్రేమేనా అని పెద్దక్క అడిగి ఉంటే జవాబు ఉండేది కాదు. తలుపు తడితే లోపల్నుంచి ఎవరో పలుకుతున్నారు, అందుకని మళ్లీ తడుతోంది.

అలా తట్టి చూసే అలవాటు కాస్త మితిమీరింది కూడా. లాండ్రీలో టీకి లోటు లేదు, పెద్ద పాత్రలో మరుగుతూనే ఉంటుంది. చిక్కటి టీ గ్లాసు మీద గ్లాసు తాగితే బిడ్డ గిరగిరా తిరుగుతున్నట్టు తెలిసింది. ఆమె రోజంతా టీ తాగడం మొదలుపెట్టింది. నర్సు విని కళ్లద్దాలు తీసేసింది.

"అది హుషారు కాదమ్మా, కంగారు. నువ్వు ఎక్కువ టీ తాగితే నీ గుండె దడదడలాడదూ? దానికీ అంతే. ఒకటి రెండు గ్లాసులతో ఆపెయ్. ఇంకో మాట, బాగా విను. దాన్ని లేపడానికి తీపి తాగడం, చల్లటివి తాగడం ఆటగా పెట్టుకోకు. నీ బిడ్డ రోజూ ఎలా కదులుతుందో నీకు తెలుసు. ఎప్పుడైనా అలా కదలకపోతే, ఇంట్లో కూర్చుని చక్కెరనీళ్లు తాగుతూ చూడకు. అర్ధరాత్రైనా సరే, ఏ వేళైనా సరే, నా దగ్గరికి వచ్చెయ్."

"అలాగే."

నెలలు నిండడానికి ఇంకా వ్యవధి ఉండగానే అది జరిగింది. ఆ పొద్దున రొట్టె, గుడ్డు తిని కాసేపు కూర్చుంది. ఏమీ లేదు. పనికి వెళ్లింది. మధ్యాహ్నం తిండి మొత్తం తిని, తువాళ్ల మీద కాళ్లు చాపుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఎప్పుడూ వచ్చే తన్ను రాలేదు. ముందు రోజు కూడా బాగా మెల్లగా, ఎక్కడో దూరంగా తెలిసినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది.

"అక్కా, తిన్నాను. కదల్లేదు."

పెద్దక్క పరుగున వెళ్లి చల్లటి పళ్లరసం తెచ్చింది. తాగింది. ఎడంపక్కకు ఒత్తిగిలి పడుకుంది. ఏదో చిన్నగా జరిగినట్టు అనిపించింది, కడుపులో గాలేమో కూడా.

"జాగా చాలదమ్మా ఇంక. పెద్దదైంది కదా, ముడుచుకుని ఉంటుంది. మా రెండోవాడూ ఇలాగే" అంది పెద్దక్క, గొంతులో ధీమా లేకపోయినా. ఫోన్ చేస్తే అత్తగారు కూడా అదే మాట అంది. "పురుటికి ముందు పిల్లలు సద్దుమణుగుతారు. ఇంటికొచ్చి కాస్త వేడిగా ఏదైనా తాగి పడుకో." భర్త ఎక్కడో లిఫ్టు గుంటలో దిగి ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు.

ఆమె ఏప్రన్ విప్పి మడిచి కొక్కేనికి తగిలించింది. భయం వేసిందా అని చాలా రోజుల తర్వాత పెద్దక్క అడిగింది. లేదట. నర్సు రమ్మంది కాబట్టి వెళ్లిందట. ఆ మాట చెవిన వేసుకుంది, వేళ వచ్చింది, బయలుదేరింది.

ఆస్పత్రి కౌంటరు దగ్గర ఒకతను కూర్చున్నాడు.

"ఏంటమ్మా?"

"బిడ్డ కదలడం లేదు."

అతను తలెత్తి చూశాడు. కుళాయి రావడం లేదని చెప్పే మనిషి ముఖంలా ఉంది ఆ ముఖం.

"నొప్పులున్నాయా?"

"లేవు."

"రక్తం పోతోందా?"

"లేదు."

"కూర్చోండి. పిలుస్తాం."

కూర్చుంది. ఆమె తర్వాత వచ్చిన ఒకావిడ కడుపు పట్టుకుని పెద్దగా ఏడుస్తుంటే వెంటనే లోపలికి తీసుకెళ్లారు. వాళ్ల తప్పూ అనలేం, ఏడిచేవాళ్లకే ముందు పలుకుతారు ఎక్కడైనా. తానూ ఏడవాలేమో అనుకుంది నిదానం. ముఖం అటూ ఇటూ కదిపి చూసుకుంది. అమ్మను తలుచుకుంది, అప్పుడైనా వస్తుందేమోనని. రాలేదు.

లేచి, కౌంటరు దాటి, ఎవరూ పిలవకుండానే నడవాలోకి వెళ్లింది. వెనకనుంచి అతను "అమ్మా, అమ్మా" అంటున్నాడు. మొదటి తలుపు తీసింది, అది సామాను గది. రెండోది తీసింది. లావు కళ్లద్దాల నర్సు ఎవరికో రక్తపోటు పట్టీ చుడుతోంది.

"రమ్మన్నారు కదా. వచ్చాను."

"ఏమైందమ్మా?"

"తిన్నాక కదల్లేదు."

నర్సు ఆ పట్టీని అలాగే సగంలో వదిలేసింది.

మంచం మీద పడుకోబెట్టి, పొట్టకు బెల్టు కట్టి, మిషన్ పెట్టారు. గుండె కొట్టుకుంటోంది. ఆ చప్పుడు గదంతా వినిపించింది. "ఉంది కదా" అంది ఆమె. నర్సు కాగితం మీది గీత చూస్తోంది. పైకీ కిందికీ ఆడాల్సిన గీత చదునుగా సాగిపోతోంది. డాక్టరమ్మ వచ్చింది, చిన్న వయసు, జుట్టు హడావిడిగా ముడేసుకుని ఉంది. గీత చూసింది. స్కాన్ చేసింది.

"బిడ్డ బాగా నీరసపడిపోయింది. ఆగడానికి లేదు. ఇప్పుడే తీసెయ్యాలి. సరేనా?"

"సరే."

"అర్థమైందా అమ్మా నేను చెప్పింది?" ఆ నిబ్బరం చూసి డాక్టరమ్మకు అనుమానం వచ్చింది.

"అర్థమైంది. తీసెయ్యండి."

కబురందుకుని భర్త వచ్చేసరికి ఆమెను బండి మీద తోసుకుపోతున్నారు. చేతులకు గ్రీజు, మోకాళ్లకు గుంటలోని మసి. బండి పక్కన నడిచాడు కానీ, నోట ఒక్క కబురూ రాలేదు. అత్తగారు వెనకాల రొప్పుతూ వచ్చింది, చేతిలో క్యారియర్. ఆపరేషన్ ముందు ఏమీ పెట్టకూడదని చెబితే దాన్ని గుండెకు పొదువుకుని అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది.

ఆడపిల్ల. వెంటనే ఏడవలేదు. లోపల ఏదో చేశారు, అప్పుడు ఏడ్చింది, అదీ పిల్లికూన అరిచినంత. బరువు బాగా తక్కువ. కంబళి చుట్టకుండానే గాజుపెట్టెలో పెట్టి తీసుకెళ్లిపోయారు.

మర్నాడు డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి చెప్పింది. మాయ సరిగ్గా పనిచేయడం మానేసింది. తల్లి తిన్నది, పీల్చినది బిడ్డకు చేరే దారి కొన్ని వారాలుగా మూసుకుపోతూ వచ్చింది. చేరుతున్న కాసింతతో గుండె, మెదడు నడుపుకోవడానికి బిడ్డ కాళ్లూ చేతులూ కదపడం తగ్గించేసుకుంది. ఇంకొంచెం ఆలస్యమైతే మాట వేరుగా ఉండేది.

"మొదట్లో నేను తినలేదు. అందుకేనా?"

గోడవైపు తిరిగి ఉన్న అత్తగారు ఆ ప్రశ్న విని ఇటు తిరిగింది. అదే ప్రశ్న ఆవిడ గొంతులోనూ ఉందని ముఖం చెబుతోంది.

"కాదమ్మా. బాగా తినేవాళ్లకీ వస్తుంది ఇది. ఎందుకు వస్తుందో చాలాసార్లు మాకే తెలియదు. నువ్వు ఎంత తిన్నా అందేది కాదు, దారే మూసుకుపోతే ఏం చేస్తావు? కదలికలు తెలుసుకుని వచ్చావు, అది చాలు."

ఆ మాట విని అత్తగారు ఏడ్చింది. భర్త నడవాలోకి వెళ్లి గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

నడవగలిగాక గాజుపెట్టె దగ్గరికి తీసుకెళ్లారు. చేతి తువాలంత పిల్ల. ముక్కులో సన్నటి గొట్టం. పెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టి తాకమన్నారు. తాకింది. వెచ్చగా ఉంది. మూడు నెలలపాటు తాను ఏం పెడితే దానికి పలికింది ఈ మనిషే అని తనకు తాను చెప్పుకుంది. తెలిసిన విషయమే, కానీ లోపలికి దిగలేదు. లోపల తన్నినప్పుడే ఈ పిల్ల ఎక్కువ దగ్గరగా ఉన్నట్టుంది. ఇప్పుడు పొట్ట ఖాళీ, తినే పనీ లేదనిపించింది. మళ్లీ కంచం తోసేయడం మొదలైంది.

"పాలు పిండి ఇవ్వాలి కదా, తినాలి" అని అక్కడి నర్సులు చెప్పారు. తింది. పిండింది. పాలు గొట్టంలోంచి దిగుతుంటే నిలబడి చూసింది. అన్నీ సరిగ్గానే చేసింది. వార్డులో అందరూ మెచ్చుకున్నారు, ఎంత ధైర్యమో ఈ అమ్మాయికి, ఒక్క కన్నీటి చుక్క లేదు అని. మెచ్చుకోనిది లావు కళ్లద్దాల నర్సు ఒక్కతే. చూడటానికి వచ్చి, మంచం అంచున కూర్చుంది.

"పిల్లను చూస్తే ఏమనిపిస్తోంది?"

"బాగుంది."

"పిల్ల సంగతి కాదు. నీకు?"

"ఏమీ అనిపించడం లేదు" అంది. అంతవరకూ ఎవరికీ చెప్పని మాట. "నాకేదో లేదు. అందరికీ ఉన్నది నాకు లేదు."

"లేకపోవడం కాదమ్మా. మొద్దుబారింది. మత్తిచ్చిన చోట గిల్లితే తెలుస్తుందా? అంతమాత్రాన చెయ్యి పోయినట్టు కాదు కదా. దీనికి చూసేవాళ్లున్నారు, నేను తీసుకెళ్తాను. రేపే."

తీసుకెళ్లింది. అక్కడ మనసుకు వైద్యం చేసే ఒక పెద్దావిడ, మందులు కొన్ని, వారం వారం కుర్చీలో కూర్చుని మాట్లాడడం. బిడ్డ గురించి అడుగుతుందనుకుంటే, పోయిన తల్లి గురించి అడిగింది ఆవిడ. అమ్మ ఎలా ఉండేది, ఏం వండేది, ఎలా తిట్టేది. తిట్లు చెప్పేటప్పుడు నిదానం గొంతు కొంచెం అటూ ఇటూ అయ్యేది. ఏడుపు మాత్రం అక్కడా రాలేదు.

గాజుపెట్టెలోంచి తీసి పిల్లను ఇంటికి పంపారు. చీకడం బాగా నేర్చుకుంది, ఒళ్లు పట్టసాగింది. ఒక ఉదయం ఆమె స్నానం చేసి వచ్చేసరికి అత్తగారు పిల్లను ఒళ్లో వేసుకుని, గిన్నెలోంచి చెంచాతో నోట్లో ఏదో పోస్తోంది.

"ఏంటది?"

"ఏం లేదే, కాసిని చక్కెర నీళ్లు. పాలు సరిపోవడం లేదేమో, ఎంత సన్నగా ఉందో చూడు. బలం వస్తుందని…"

"దాని నోట్లో ఏమీ పొయ్యొద్దని చెప్పారా లేదా! నా బిడ్డకి ఏం పెట్టాలో నన్నడగరా? ఎవరడిగారు మిమ్మల్ని! ఇటివ్వండి! ఇటివ్వండి దాన్ని!"

గోడలు అదిరేలా అరిచింది. గిన్నె కిందపడి దొర్లింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. భర్త చేతిలో బూటుతో గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతు వినడం అతనికి అదే మొదటిసారి. ఆమె పిల్లను గుంజుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత ఏడుపు వచ్చింది. వచ్చిందంటే మామూలుగా కాదు, వాంతి అయినట్టు వచ్చింది. అమ్మా అంది. పిల్లనే పిలిచిందో, పోయినావిడనే పిలిచిందో తెలియదు.

అత్తగారు మూతి ముడుచుకుని కొన్ని రోజులు కోడలితో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా మునుపటంత చనువుగా ఉన్నారని చెప్పలేం. అయితే పిల్లకు ఏం పెట్టాలన్నా ముందు అడగడం నేర్చుకుంది, అడిగేటప్పుడు కాస్త వెటకారం కలిపి. "అమ్మాయ్, ఉగ్గుగిన్నె తీయడానికి అనుమతిస్తావా?"

ఆ ఒక్కరోజుతో అంతా మారిపోయిందంటే అబద్ధం. మర్నాడు లేచేసరికి మళ్లీ అదే మొద్దుతనం. కానీ అప్పుడప్పుడు ఒక కోపం, ఒక విసుగు, బస్సు మిస్సయితే చిరాకు, అలా ఒక్కొక్కటి రావడం మొదలైంది. మంచివి ఆలస్యంగా వచ్చాయి. కొన్ని ఇప్పటికీ రాలేదంటుంది ఆమె, దాచకుండా.

పిల్ల బతికింది, నడిచింది, తోటివాళ్లకంటే కాస్త పొట్టిగా ఉంది, నోరు మాత్రం నాన్నది. నిదానం మళ్లీ రోలర్ల దగ్గరే పనిచేస్తోంది. లాండ్రీకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతి కడుపుతో ఉంది. మొన్న మధ్యాహ్నం ఆ అమ్మాయి తిండి డబ్బా పక్కన పెట్టుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, "అక్కా, ఇవాళ సరిగ్గా కదలడం లేదు, సాయంత్రం దాకా చూద్దామా?" అంది. నిదానం చేతిలోని దుప్పటిని అలాగే వదిలేసి, ఆ అమ్మాయి ఏప్రన్ ముడి తానే విప్పింది.

"చూడొద్దు. పద, నేనూ వస్తాను."